ఊపిరి వినిపిస్తోంది సార్

ట్యాంకులు బాగుచేసే ఆ డిపోలో ఆమెను అందరూ హెల్మెట్లక్క అనేవాళ్ళు. పదహారేళ్ళుగా ఆమె చేసే పని అదొక్కటే. షెడ్ల వరసకి చివర రెండు కిటికీల గది. పొడుగాటి బల్ల, దాని మీద రబ్బరు పట్టా, టంకం పెట్టే కడ్డీ, మరలు పోసుకున్న సీసా మూతలు. గోడ నిండా కొక్కేలు, కొక్కేనికొక హెల్మెట్. పొద్దున్నే తలుపు తీయగానే చెమట, నూనె, కాలిన తీగ కలిసిన వాసన గుప్పున కొట్టేది. ఆ వాసనకి ఆమె ఎంత అలవాటు పడిందంటే, సెలవు రోజున అది లేక తలనొప్పి వచ్చేది.

ట్యాంకులో కూర్చునేవాళ్ళ హెల్మెట్‌కి తల కాయడం సగం పనే. లోపల ఇంజను రొదలో పక్కనున్నవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకే చెవుల మీద రెండు డొప్పలు, పెదవికి ఆనుకుని వేలెడంత మైకు, రొమ్ము దగ్గర స్విచ్చు, అక్కణ్ణించి బండి గోడకి ఒక తీగ. డొప్పల్లో ఉండే చిన్న పలక ఇంజను మోతను మింగేసి, మనిషి మాటను మాత్రం చెవిలోకి వదులుతుంది. ఎంత బాగా వదులుతుందంటే, మాట్లాడబోయే ముందు ఎదుటివాడు మింగిన గుటక కూడా వినిపిస్తుంది.

"ట్యాంకులో మనుషులు నలుగురే గాని, చెవి ఒక్కటే తల్లీ," అనేవాడు గన్ను మాస్టారు. ఆయన ఇరవై రెండేళ్ళు ఫిరంగి పేల్చి రిటైరై, ఆ డిపోలోనే బండ్లను పరీక్షించే పనిలో చేరాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి పావలా వంతు మిగిలింది. మా ఆవిడ తిట్లకి ఆ పావలా చాలులే అని నవ్వేవాడు.

ఆమె తమ్ముడు ట్యాంకు డ్రైవరు. ఎనిమిది నెలల కిందట నది దాటే శిక్షణలో అతని బండి లోతులోకి జారిపోయింది. నలుగురిలో ముగ్గురు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. డ్రైవరు చేరలేదు.

కబురు వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక మైకు ఉంది. టంకం సగంలో ఉంది. అది పూర్తి చేసి, ఊది, చల్లారిందో లేదో వేలితో తాకి చూసి, అప్పుడు లేచింది. ఏడుస్తుంది, పట్టుకోవాలి అని చుట్టూ నిలబడ్డవాళ్ళు కాసేపు చూసి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు. ఆమెకి ఏడుపు రాలేదు. ఆ రోజే కాదు, తర్వాతా రాలేదు. పళ్ళ డాక్టరు ఇచ్చే మత్తు సూదిలాంటిది మనసుకి ఎవరో పొడిచినట్టుండేది. ఎక్కడ నొక్కితే అక్కడ తెలిసేది. నొప్పి మాత్రం తెలిసేది కాదు.

తర్వాత విచారణ జరిగింది. ఇంటికి ఉత్తరం వచ్చింది. డ్రైవరు హెల్మెట్‌లోని మైకు పని చేయకపోవడం వల్ల, అతను చిక్కుకుపోయిన సంగతి మిగతా ముగ్గురికీ తెలియలేదని అందులో ఉంది. ఆ హెల్మెట్‌ను ప్రమాదానికి నెల ముందు బాగుచేసింది ఆమే. లోపలి మెత్త కింద ఆమె ముద్ర ఉంటుంది. నా తలకాయ మా అక్క చేతిలో ఉందిరా అని తమ్ముడు తోటివాళ్ళ దగ్గర గొప్ప చెప్పుకునేవాడట.

ఇంట్లో ఇక మిగిలింది తల్లీ ఆమే. తల్లి ఉత్తరం రెండుసార్లు చదివింది. మడత పెట్టింది.

"అది నువ్వు చేసిందేనా?"

"నేనేనమ్మా."

తల్లి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అన్నం పెట్టేది, తలుపు గడియ వేసేది, దీపం ఆర్పనా అని అడిగేది. అంతకు మించి ఆ ఇంట్లో మాట పుట్టేది కాదు. ఒకరి ముందు ఒకరు కూర్చుని తింటుంటే నమిలే చప్పుడే పెద్దగా వినిపించేది.

నదిలోంచి తీసిన బండిని డిపోకి తెచ్చి, ఇంజను మార్చి, తీగలన్నీ కొత్తగా లాగారు. ఎనిమిదో నెలలో అది పరీక్షకి సిద్ధమైంది. దాని వెంట డ్రైవరు హెల్మెట్ కూడా వచ్చింది. విచారణ వాళ్ళు సీలు వేసి ఉంచిన సంచిలో, ఎవరూ విప్పి చూడకుండా అలాగే ఉంది. పరీక్షించి, పనికొస్తే స్టోరుకి పంపాలి, పనికిరాకపోతే తుక్కులో వేయాలి. ఫోర్‌మన్ ఆమెను పిలిచి, ఇది వేరే వాళ్ళకి అప్పగిస్తానన్నాడు. పర్లేదు సార్, నేనే చూస్తానంది. సంచి ఇచ్చే ముందు ఆయన ఆమె మొహంలోకి చూశాడు. అందులో చూడ్డానికి ఏమీ లేదు మరి.

సీలు తెంచింది. బురద ఎండి పొడిలా రాలింది. మైకు విప్పి చూసింది. తన టంకం చెక్కుచెదరలేదు. తీగ తెగలేదు. బల్ల మీది మీటరుకి తగిలిస్తే ముల్లు చక్కగా లేచింది. మీటరు అబద్ధం చెప్పదు, కానీ బల్ల మీద పలికింది బండిలో పలకాలని లేదు. అసలు పరీక్ష బండిలోనే.

పొద్దున్న పదకొండు గంటలు. ఎండ పెటపెటలాడుతోంది. యార్డు మధ్యలో ఆ బండి నిలబడి ఉంది. మాస్టారు పైకెక్కి, ఫిరంగి ఉండే గుండ్రటి టరెట్‌లో కమాండరు సీట్లో కూర్చున్నాడు. ఆయన తలకి మామూలు పరీక్ష హెల్మెట్. ఆమె తమ్ముడి హెల్మెట్ పెట్టుకుని, ముందువైపు మూత తీసి డ్రైవరు సీట్లోకి జారింది. డ్రైవరు గది అంటే గదా అది? వెల్లకిలా పడుకున్నట్టు కూర్చోవాలి. మోకాళ్ళకి ఇనుము తగులుతుంది. తల మీద జానెడు ఎత్తులో మూత. ఆ మూతకి ఒక చిక్కుంది. పైన ఫిరంగి గొట్టం తిన్నగా ఉన్నంతసేపే అది తెరుచుకుంటుంది. గొట్టం మూరెడు కుడికి తిరిగితే టరెట్ అంచు మూతకి అడ్డం పడుతుంది. ఇంజను నడుస్తుంటే టరెట్ మీట నొక్కితే తిరుగుతుంది. ఇంజను ఆగితే చేతి చక్రం తిప్పాలి. మూరెడు జరగడానికి నలభై తిప్పులు.

మూతలు రెండూ వేసుకున్నారు. లోపల చీకటి. కళ్ళ ఎదురుగా బెత్తెడు అద్దం, అందులోంచి యార్డు కనిపిస్తోంది. దూరంగా ఎవరో నీళ్ళ పైపుతో చక్రాలు కడుగుతున్నారు. ఆమె ఇంజను వేసింది. పళ్ళు కదిలేంత రొద. హెల్మెట్ స్విచ్చు నొక్కింది. రొద మాయమైంది. చెవుల్లో దూది కుక్కినట్టు మెత్తటి నిశ్శబ్దం.

ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టింది. బాగా వినిపిస్తోందన్నాడు మాస్టారు. ఆయన లెక్కపెట్టాడు. బాగానే ఉందని ఆమె కాగితం మీద టిక్కు పెట్టింది. అంటే మైకు పని చేస్తోంది. ఆ రోజూ పని చేసి ఉండాలి. ఆ ఆలోచన వచ్చింది గాని, దాని వెనక ఏ భావమూ రాలేదు.

అప్పుడు వినిపించింది. ఊపిరి.

మాస్టారుదనుకుంది. ఆయనకి ఆయాసం ఉంది. కానీ ఇది చిన్నవాడి ఊపిరి. ముక్కుతో కాదు, నోటితో తీస్తున్నాడు. దాని వెనక మరొకటి... మరొకటి... లెక్కపెడితే నాలుగు. బండిలో ఉన్నది ఇద్దరు.

"సార్, నా మూత రావట్లేదు. గొట్టం కాస్త ఎడమకి తిప్పండి."

తమ్ముడి గొంతు. భయం లేదు అందులో. దారి అడ్డుగా ఉంది, జరగండి అన్నట్టు మామూలుగా అడిగాడు.

"ఇప్పుడే తిప్పమంటావేంటి తల్లీ, పరీక్ష కానీ," అన్నాడు మాస్టారు.

అంటే ఆయనా విన్నాడు. నేను అడగలేదు మాస్టారూ అనబోయింది. ఇంజను ఆగిపోయింది. ఆమె చెయ్యి దాన్ని ఆపే మీట దగ్గర లేదు. ఎదుటి అద్దంలో, ఎండ పడ్డ నేల మీద, ఫిరంగి గొట్టం నీడ మెల్లగా కుడికి జరిగింది. ఇంజను లేకుండా. చేతి చక్రం చప్పుడు లేకుండా. తల మీద ఇనుము ఇనుముని ఒరుసుకుని ఆగింది.

మూత తోసింది. రాలేదు.

బురద వాసన. నది అడుగున ఉండే చల్లటి, పాచి పట్టిన వాసన. పాదాలు చల్లబడ్డాయి. కిందికి చూసే చోటు లేదు. అద్దంలో యార్డు పచ్చబడుతోంది. చక్రాలు కడుగుతున్న మనిషి పచ్చగా కనిపించాడు... ముదురు పచ్చగా... తర్వాత కనిపించలేదు.

"సార్... వినిపిస్తోందా?"

తమ్ముడి పిలుపుకి ఎవరూ పలకలేదు. తర్వాత గుసగుసలు, పెదవి మైకుకి తగలకుండా పక్కకి తిరిగి మాట్లాడుకుంటున్నట్టు.

"నలభై తిప్పులు సార్. మనకి టైము లేదు."

"పలక్కండి. పలక్కపోతే లైను పోయిందనుకుంటాడు."

మళ్ళీ తమ్ముడు. ఈసారి కాస్త ఆగి ఆగి.

"సార్, మీరు అక్కడే ఉన్నారు కదా... మీ ఊపిరి వినిపిస్తోంది సార్."

చల్లదనం మోకాళ్ళు దాటింది. నడుము దాటింది. హెల్మెట్ తీగని లాగితే ఊడొచ్చేస్తుంది, తమ్ముడి మాట ఆగిపోతుంది. ఆమె చెయ్యి తీగ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. వాడు మాట్లాడుతుంటే మధ్యలో తెంచినవాళ్ళు ఇప్పటికే ముగ్గురున్నారు.

"మాస్టారూ," అంది. తన గొంతు తమ్ముడి గొంతంత మామూలుగా ఉందని గమనించింది. "గొట్టం ఎడమకి తిప్పండి."

ఊపిరి... ఊపిరి... గడ్డం కింద చలి.

అప్పుడు పైన చేతి చక్రం కిర్రుమంది. ఒక తిప్పు. చాలాసేపు ఏమీ లేదు. రెండో తిప్పు. ఆమె లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి దగ్గర మాస్టారు మూలిగాడు. నలభై దగ్గర మూత పైకి లేచింది. ఎండ మొహం మీద పడింది.

ఆమె బట్టలు పొడిగా ఉన్నాయి. యార్డులో ఆ మనిషి ఇంకా అదే చక్రం కడుగుతున్నాడు.

మాస్టారు బండి నీడలో కూలబడ్డాడు. మంచినీళ్ళు అడిగి, గ్లాసు అందుకుని, దాని వంక చూసి కింద పెట్టేశాడు. తన వెనక ముగ్గురున్నారని చెప్పాడు. ఎడమ చెవి పక్కనే మాట్లాడారట. చచ్చిపోయి పదేళ్ళయిన చెవిలో ఆ గుసగుసలు స్పష్టంగా వినిపించాయట. చక్రం పట్టుకుంటే తిప్పనీయకుండా తన చేతి మీద ఇంకో చెయ్యి పడిందన్నాడు.

"చల్లటి చెయ్యైతే భయపడి వదిలేద్దును తల్లీ," అన్నాడు. "వెచ్చగా ఉంది. బతికున్నవాడి చెయ్యి."

ఆ ముగ్గురూ నిజంగానే బతికే ఉన్నారు మరి.

ఆమె గదికి వెళ్ళి, మైకు తుడిచి, హెల్మెట్‌ను కొక్కేనికి తగిలించి, రిపోర్టు రాసింది. మైకు పని చేస్తోంది. డొప్పలు పని చేస్తున్నాయి. నీళ్ళలో మునిగినా లోపలి తీగలు చెడలేదు. ప్రమాదానికి ముందు గాని తర్వాత గాని లోపం ఉన్నట్టు గుర్తులు లేవు.

ఫోర్‌మన్ అది చదివి కళ్ళజోడు తీశాడు. మూసేసిన విచారణని ఎందుకు కెలుకుతావు, ఇది పైకి వెళ్తే ముగ్గురి మెడకి చుట్టుకుంటుందని నెమ్మదిగా నచ్చజెప్పాడు. నేను హెల్మెట్ గురించే రాశాను సార్, మనుషుల గురించి ఒక్క ముక్కా రాయలేదంది. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ముద్ర వేశాడు.

ఆ పూట భోజనాల దగ్గర తల్లికి చెప్పింది.

"పని చేసిందమ్మా."

"ఏది?"

"నేను బాగుచేసింది."

తల్లి చెయ్యి కంచంలోనే ఆగింది. "అయితే వాడు పిలిచాడన్నమాట."

"పిలిచాడు."

"పలికారా?"

ఆమె లేచి కంచం కడిగింది. వెనక తల్లి అలాగే కూర్చుని ఉంది. దుఃఖం ఎక్కడో పక్క వాటాలో ఎవరిదో జరుగుతున్నట్టుంది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె గది గుమ్మంలో ఒక ఆఫీసరు నిలబడ్డాడు. నున్నగా గీసిన గడ్డం, మెరిసే బూట్లు, చంకలో గుడ్డసంచి. ఆ బండికి కమాండరుగా ఉన్నది తనేనని చెప్పాడు. ఇప్పుడు ట్యాంకెక్కే పని లేదట, తరగతి గదిలో పాఠాలు చెబుతున్నాడట. సంచిలోంచి తన హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు. దీని తీగలన్నీ కత్తిరించాలన్నాడు. ఇంట్లో, బీరువాలో, దేనికీ తగిలించకుండా ఉంచినా ఇది మాట్లాడుతోందట. దుప్పటి చుట్టి పెట్టె అడుగున దాచినా ఆగలేదట. పారేద్దామని తీసుకెళ్ళి, పారేయలేక వెనక్కి తెచ్చుకున్నాడట.

బాగున్న హెల్మెట్ కత్తిరించడం రూలు కాదు. ఆమె కత్తెర తీసింది. డొప్పల తీగలు రెండూ తెంచింది. మైకు తీగ తెంచింది. ఆయన తలకి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మొహంలో బిగువు సడలింది.

"లేదు," అన్నాడు. "ఇందులో లేదు."

అలా అని, ఎందుకో ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మం దగ్గర ఎవరూ లేరు.

ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఆ రోజు మీకు వినిపించిందా?"

"మైకు పని చేయలేదండి. అతని పరిస్థితి మాకు తెలియలేదు." ఉత్తరంలో ఉన్న మాటే, అప్పజెప్పినట్టు చెప్పాడు. హెల్మెట్ తల మీంచి తీయకుండానే బయటికి నడిచాడు. యార్డులో బండ్ల మధ్యన ఆయన తల కాసేపు కనిపించింది.

ఐదింటికి గేటు కాపలాదారు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. డ్యూటీ మారాలి, లెక్క తేలడం లేదన్నాడు. వచ్చిన ఆఫీసరుగారు ఇంకా లోపలే ఉన్నారా అని అడిగాడు. ఆయన వెళ్ళి రెండు గంటలైందని ఆమె చెప్పింది.

"ఆయన వెళ్ళలేదమ్మా. ఇద్దరు వచ్చారు, ఒక్కడే వెళ్ళాడు. ఆయన వెనకాల వచ్చిన కుర్రాడు." కాపలాదారు తల గోక్కున్నాడు. "ఒళ్ళంతా తడిసిపోయి ఉన్నాడు. ఎక్కడ తడిశావు బాబూ అంటే నవ్వి ఊరుకున్నాడు. తువ్వాలిస్తే తల తుడుచుకుని, మడత పెట్టి ఇచ్చి మరీ వెళ్ళాడు."

ఆమె రిజిస్టరు చూడలేదు. కమాండరుగారి హెల్మెట్‌కి తను మైకు తీగ తెంచింది. ఆయన ఇప్పుడు ఎక్కడ ఉన్నా, ఎంత పిలిచినా, ఎవరికీ వినపడదు. ఆ సంగతి తట్టింది. దాని వెంట భయం వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు.

వెలుతురుండగానే మాస్టారు, కాపలాదారు, ఆమె కలిసి యార్డంతా తిరిగారు. ఒక్కో బండి మూత తీయడం, టార్చి వేయడం, మూయడం. ఎవరూ లేరు. చివరికి తమ్ముడి బండి దగ్గరికొచ్చారు. మాస్టారు డ్రైవరు మూత తీసి టార్చి లోపలికి పెట్టాడు. తొంగి చూసి, పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు.

లోపల మనిషి లేడు. సీటు పొడిగా ఉంది, నేల పొడిగా ఉంది. కాళ్ళు పెట్టే చోట, రెండు మెరిసే బూట్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. రెండింట్లోనూ అంచుదాకా నీళ్ళు. ఒక్క చుక్క కూడా బయటికి తొణకలేదు. బూట్ల లేసులు రెండేసి ముళ్ళు వేసి, కాలు బయటికి తీసే సందు కూడా లేనంత గట్టిగా బిగించే ఉన్నాయి.